సభ లేని నేలకు దిక్కెవరు?

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. ఆ నగరంలోని డెలానీపూర్ పౌరుడి స్థితి మాత్రం మారలేదు. ఆయనకు పురపాలక మండలిలో ఒక ప్రతినిధి, లోక్‌సభలో ఒక ప్రతినిధి ఉన్నారు. శాసనసభ్యుడు లేడు, ఎందుకంటే అండమాన్ నికోబార్‌కు శాసనసభే లేదు. ఆ స్థానంలో ఉన్నది ఢిల్లీ నియమించిన లెఫ్టినెంట్ గవర్నర్, ఆయన కింది అధికార గణం. ఇది పాలనా సౌలభ్యమని సమర్థించేవారు చరిత్రను ఒకసారి తిరగేయాలి.

మెక్సికో నుంచి సంపాదించే భూభాగాలలో బానిసత్వం ఉండరాదన్న విల్మాట్ ప్రతిపాదనను 1846లో అమెరికా ప్రతినిధుల సభ ఆమోదించింది. సెనేట్‌లో అది నెగ్గలేదు. అయినా ఉత్తరాది రాష్ట్రాల శాసనసభలు దానికి మద్దతుగా తీర్మానాలు చేస్తూనే వచ్చాయి. చివరకు 1862 జూన్ 19న కేంద్రపాలిత భూభాగాలన్నింటిలో బానిసత్వం చట్టరీత్యా నిషిద్ధమైంది. దేశమంతటా రద్దు కావడానికి 1865 నాటి రాజ్యాంగ సవరణ దాకా ఆగవలసి వచ్చింది. కేంద్రం నేరుగా ఏలే నేలలో జరిగే అన్యాయానికి కేంద్రమే జవాబుదారీ. ఆ జవాబును నిలదీసి రాబట్టింది ఎన్నికైన సభలే.

సభకు అందని నేలలో ఏమి జరుగుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. సాధారణ చట్టాలు నేరుగా వర్తించని గూడెం, రంప ఏజెన్సీలో గిరిజనుల చేత రోడ్ల పనికి వెట్టి చేయించారు. 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు అది ఒక ముఖ్య కారణం. ఆయన అనుచరుడు గాం మల్లుదొరను శిక్షించి పంపిన చోటు కూడా ఖైదీల చేత గానుగ తిప్పించిన అండమానే. అదే మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆయన శిక్ష అనుభవించిన ద్వీపాల ప్రజలకు మాత్రం తమ పార్లమెంటు సభ్యుణ్ణి తామే ఎన్నుకునే హక్కు 1967 దాకా రాలేదు. అంతవరకు రాష్ట్రపతి నామినేట్ చేసినవారే వారి ప్రతినిధి.

నేటి అండమాన్‌లో బానిసత్వం ఉందనడం అతిశయోక్తి. కాని శ్రమకు న్యాయమైన ప్రతిఫలం అడిగే వేదిక అక్కడ ఏది? దినసరి మజ్దూర్ల వేతనాలపై ఇచ్చిన ఉత్తర్వు అమలు కాలేదని 2023 ఆగస్టులో కలకత్తా హైకోర్టు పోర్ట్ బ్లెయిర్ బెంచి ముఖ్య కార్యదర్శిని సస్పెండ్ చేసి, లెఫ్టినెంట్ గవర్నర్‌కు 5 లక్షల రూపాయల జరిమానా విధించింది. మరునాడే సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. తప్పొప్పులు ఎవరివైనా కావచ్చు. సభలో మంత్రి సమాధానం చెప్పవలసిన వేతనాల సమస్య కోర్టు ధిక్కార వ్యాజ్యంగా మారడమే ఆ వ్యవస్థలోని లోపాన్ని చాటుతోంది.

జనాభా తక్కువన్నది ఒక అభ్యంతరం. 2011 లెక్కల ప్రకారం ద్వీపాల జనాభా 3.8 లక్షలు. 1972లో కేంద్రపాలిత ప్రాంతంగా శాసనసభ పొందిన మిజోరంకు 1971 జనగణనలో ఉన్నది 3.3 లక్షలే. సరిహద్దు భద్రత మరో సాకు. మిజోరం సరిహద్దు కాదా? అక్కడ అప్పుడు సాయుధ తిరుగుబాటు సైతం నడుస్తోంది. ఆదిమ తెగల రక్షణ అన్నది మాత్రం గట్టి వాదన. అయితే 1956 నాటి రక్షణ నిబంధనలను పార్లమెంటు పరిధిలోనే ఉంచి, మిగిలిన అంశాలను సభకు అప్పగించడానికి అడ్డేమిటి?

ద్వీపవాసులలో సుమారు 13 శాతం తెలుగువారు. 2022 పురపాలక ఎన్నికలలో తెలుగుదేశం అక్కడ రెండు వార్డులు గెలిచింది. వార్డులలో జెండా ఎగరేసిన పార్టీలు శాసనసభ కోసం పార్లమెంటులో గొంతు విప్పాలి. వీధి దీపం గురించి అడగగలిగిన పౌరుడు తనను ఏలే చట్టం గురించి అడగలేకపోవడం ప్రజాస్వామ్యం అనిపించుకోదు.