ఫోర్ వీల్ లివర్ మన చేతిలోనే ఉండాలి

కనిగిరి చుట్టుపక్కల ఏడాదిలో ఎక్కువ రోజులు నేల గట్టిగానే ఉంటుంది. ట్రాక్టర్ దిగబడేది వాన పడ్డ ఆ నాలుగు రోజులే. అందుకే మనకు లివర్‌తో వేసి తీసే ఫోర్ వీలే నయమంటున్నాం.

ఏటీవీ బండ్లలో వెనుక చక్రం జారగానే ముందు చక్రాలు వాటంతటవే అందుకునే ఏర్పాటుంది. సుఖమే. కానీ అది జారాక పనిచేసేది. లివరైతే బురద చూసి ముందే వేస్తాం. వైరింగ్ పోతే ఊరి మెకానిక్ ఏం చేస్తాడు?

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. లివర్ తీయకుండా తారురోడ్డెక్కితే నష్టమే. ముందు చక్రాలు కాస్త ఎక్కువ తిరిగేలా గేర్లు అమర్చి ఉంటాయి. బురదలో అది సరిపోతుంది, గట్టి రోడ్డు మీద టైర్లు అరుగుతాయి, గేర్లు నలుగుతాయి. ఆ ఖర్చు చివరికి దున్నకం బాడుగలోనే పడుతుంది. ట్రాక్టర్ అప్పగించే రోజే డీలర్లు ఇది డ్రైవర్‌కు చేసి చూపించాలని, అద్దె యంత్రాల కేంద్రాల్లో వ్యవసాయ శాఖ శిక్షణ పెట్టాలని కోరుతున్నాం.