ఫీజు చవకే, మరి భాషో?

మా టీములో ఒక నేపాలీ కుర్రాడున్నాడు. నన్ను 'దాయ్' అంటాడు, అంటే వాళ్ళ భాషలో అన్న. మొన్న టీ తాగుతూ, "దాయ్, మా తమ్ముడు ప్లస్ టూ అయ్యాక ఫ్రాన్సులో డిగ్రీ చేస్తానంటున్నాడు. ఫీజులు తక్కువట. నువ్వు అక్కడ ఆన్‌సైట్ చేశావుగా, ఏమంటావ్?" అని అడిగాడు.

తక్కువే. ఐరోపా బయటివాళ్ళకి 2019లో పెంచాక కూడా ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీకి ఏడాదికి 2,770 యూరోలు. తర్వాత ఇంకాస్త పెరిగిందనుకోండి, అయినా అమెరికా ఫీజుల ముందు ఇదెంత! కానీ డిగ్రీ క్లాసులు చాలావరకు ఫ్రెంచిలోనే. చాలాచోట్ల బి2 స్థాయి అడుగుతారు. ఖాట్మండులో పుతలీసడక్ అంటే మన అమీర్‌పేట లాంటిది. అక్కడి కన్సల్టెన్సీ ఒకటి "ముందు వెళ్ళిపో, భాష అదే వస్తుంది" అందట.

అదే వస్తుందా? ఏడాదిన్నరలో నాకొచ్చింది బేకరీలో రొట్టె కొనేంత ఫ్రెంచి. నా పని ఇంగ్లీషులో కాబట్టి గడిచిపోయింది. ఆ కుర్రాడు లెక్చర్లు విని, పరీక్షలు రాసి పాసవ్వాలి. చదువు సాగకపోతే నివాస పర్మిట్ పొడిగింపుకీ ఇబ్బందే. ఇక్కడ నాన్న చేసిన అప్పుకి వడ్డీ ఆగదుగా!

అందుకే ఒక ఏడాది ఖాట్మండులోనే ఆగమన్నా. అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది, త్రిభువన్ యూనివర్సిటీ వారి విశ్వభాషా క్యాంపస్ ఉంది. ఆ ఏడాది దండగ కాదు. ఇంట్లో అన్నం తింటూ భాషా పరీక్ష తప్పడం వేరు, పరాయి దేశంలో అప్పుతో డిగ్రీ తప్పడం వేరు.

జర్మనీ జర్మనీ అంటున్న మన పిల్లలకీ ఇదే మాట. మీరేమంటారు?