వాటర్‌కలర్ బ్రష్ ప్యాక్ కొనే ముందు ఒక కాగితం ఫొటో తీయండి

ట్యాబ్లెట్ కొన్నాక చాలామంది పెట్టే రెండో ఖర్చు బ్రష్ ప్యాక్. మూడు వందల వాటర్‌కలర్ బ్రష్‌లు అంటారు, శాంపిల్ బొమ్మలు అదిరిపోతాయి, కొనేస్తాం. నెల తిరిగాక చూస్తే అందులో వాడేది నాలుగో ఐదో. మిగతావి స్క్రోల్ చేయడానికే పనికొస్తాయి. నా మాట సూటిగా చెప్తాను: స్క్రీన్ మీద నీటిరంగులు వేయాలనుకునేవాళ్లు ప్యాక్‌ల జోలికి పోకుండా, ఒక ఆదివారం కూర్చుని మూడే మూడు బ్రష్‌లు సొంతంగా చేసుకోవాలి. పెద్ద వాష్‌కి ఒకటి, వివరాలకి ఒకటి, ఆరిన కుంచె గీతలకి ఒకటి. డబ్బు మిగలడం సంగతి అలా ఉంచండి. ఒకే ప్యాక్ వాడిన వందమంది బొమ్మల్లో అదే మరక, అదే గరుకు, అదే అంచు. బ్రష్ ఏదో చూడగానే చెప్పేయొచ్చు, వేసింది ఎవరో మాత్రం చెప్పలేం.

ప్రోక్రియేట్, క్రిటా, ఫొటోషాప్, ఐబిస్ పెయింట్ లాంటి వాటిలో మామూలు బ్రష్ అంటే నీళ్లూ లేవు, రంగూ లేదు. ఒక చిన్న నలుపు తెలుపు బొమ్మని, మీరు గీసిన దారి పొడవునా దగ్గర దగ్గరగా అచ్చు వేసుకుంటూ పోవడమే. ఆ అచ్చుని షేప్ అంటారు. దాని లోపల కనిపించే కాగితపు గరుకు గ్రెయిన్. నీరు నిజంగా పారినట్టు లెక్కకట్టే యాప్‌లు వేరే ఉన్నాయి. కంప్యూటర్‌లో రెబెల్ ఉంది, అడోబీ ఫ్రెస్కోలో లైవ్ బ్రష్‌లు ఉన్నాయి. ఫ్రెస్కో 2024 అక్టోబర్ నుంచి ఫ్రీ, కానీ ఆండ్రాయిడ్‌లో లేదు. అందుకే మనలో ఎక్కువమందికి దిక్కు ఈ అచ్చు బ్రష్‌లే. వాటితో నీటిరంగు భ్రమ కలిగించాలంటే అసలు నీటిరంగు ఏం చేస్తుందో చూడాలి.

మొదట గ్రెయిన్, ఎందుకంటే సగం పని అక్కడే అయిపోతుంది. స్టేషనరీ షాపులో కోల్డ్ ప్రెస్ కాగితం ఒక షీటు కొనండి. 300 జీఎస్ఎమ్ అయితే నీళ్లు పోసినా పెద్దగా ముడుచుకోదు. దానిమీద అల్ట్రామెరైన్ నీలం పల్చగా పూసి ఆరనివ్వండి. ఆ నీలం రేణువులు కాగితం గుంటల్లోకి దిగి చుక్కలు చుక్కలుగా నిలబడతాయి. గ్రాన్యులేషన్ అంటే ఇదే. ఇంటర్నెట్‌లో దొరికే పేపర్ టెక్స్చర్లలో కాగితం మాత్రమే ఉంటుంది, దానిమీద రంగు ఎలా కూర్చుందో ఉండదు. మీ ఫొటోలో రెండూ ఉంటాయి.

ఫొటోకి మీ ఫోన్ చాలు. 12 మెగాపిక్సెల్ ధారాళంగా సరిపోతుంది, 200 మెగాపిక్సెల్ కెమెరా ఉంటే ఇక్కడ అదనంగా ఒరిగేదేమీ లేదు. ప్రో మోడ్ ఉంటే అందులో తీయండి. ఆటో మోడ్‌లో ఫోన్ చేసే షార్పెనింగ్ వల్ల ప్రతి చుక్క చుట్టూ తెల్లటి గీత వస్తుంది, బ్రష్‌లో అది గచ్చు మీద ఆరిన సున్నంలా కనిపిస్తుంది. కాగితం కిటికీ దగ్గర పరచండి, నేరుగా ఎండ పడకూడదు. తర్వాత బ్లాక్ అండ్ వైట్ చేసి కాంట్రాస్ట్ పెంచండి. ఒక మూల చీకటిగా ఉంటే సరిచేయాల్సిందే, లేకపోతే గీతలో ఆ నీడ పలకలు పలకలుగా మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రోక్రియేట్ గ్రెయిన్ ఎడిటర్‌లో ఆటో రిపీట్ అని ఉంది, అతుకులు కనపడకుండా చేసే పని అదే చూసుకుంటుంది.

అక్కడే మూవింగ్, టెక్స్చరైజ్డ్ అని రెండు ఆప్షన్లు ఉంటాయి. మూవింగ్‌లో గరుకు కుంచెతోపాటు ఈడ్చుకుపోతుంది. టెక్స్చరైజ్డ్‌లో కాన్వాస్‌కి అతుక్కుని ఉంటుంది. కాగితం కదలదు కదా! నీటిరంగుకి రెండోదే సరైనది. డబ్బులు పెట్టి కొన్న ప్యాక్‌లలో కూడా ఇది తప్పుగా ఉండటం నేను చూశాను.

షేప్ తేలిక. తడి కుంచెతో ఒక మరక వేసి ఆరాక ఫొటో తీయడమే. ఒక్కటి గుర్తుంచుకోండి: ప్రోక్రియేట్‌లో తెలుపు ఉన్నచోట రంగు పడుతుంది, ఫొటోషాప్‌లో నలుపు ఉన్నచోట. ఒకదాని కోసం చేసింది ఇంకోదానికి ఇన్వర్ట్ చేసుకోవాలి. ప్రతి అచ్చూ కొంచెం తిరిగేలా రొటేషన్‌లో ర్యాండమ్ పెడితే గొలుసులా కనపడదు.

ఇక నన్ను ఎక్కువ విసిగించే విషయం ప్రెషర్. చాలా రెడీమేడ్ బ్రష్‌లలో పెన్ను గట్టిగా నొక్కితే రంగు ముదురవుతుంది. అది పెన్సిల్ లక్షణం. నిజమైన కుంచెని నొక్కి చూడండి, గీత వెడల్పవుతుంది. రంగు ముదురుగా ఉండాలా, పల్చగా ఉండాలా అన్నది గిన్నెలో నీళ్లు ఎంత కలిపామన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ప్రెషర్‌ని సైజ్‌కి ఎక్కువగా, ఒపాసిటీకి చాలా కొంచెంగా కలపండి. ముదురు కావాలంటే మల్టిప్లై లేయర్ మీద ఇంకో పూత వేయండి. ఈ ఒక్క మార్పు చేశాక చేతి కదలికే మారిపోతుంది. నొక్కి నొక్కి రుద్దడం ఆగిపోయి, పూత వేసి ఆగి ఆలోచించడం మొదలవుతుంది. అలవాటు కావడానికి కొన్ని రోజులు పట్టింది నాకు, ఇప్పుడు పాత బ్రష్‌లు ముట్టుకోబుద్ధి కాదు.

అంచు సంగతి టేబుల్ మీద ఒలికిన కాఫీ చుక్క చెప్తుంది. ఆరాక చుట్టూ ముదురు వలయం మిగులుతుంది చూశారా? అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆ ఖాళీని నింపడానికి మధ్యలోని నీరు రేణువులను మోసుకుంటూ బయటికి పారుతుంది. ప్రోక్రియేట్‌లో వెట్ ఎడ్జెస్, బర్న్ట్ ఎడ్జెస్, ఫొటోషాప్‌లో వెట్ ఎడ్జెస్ దీనికి నకలు. తక్కువలో ఉంచండి. ఎక్కువ పెడితే స్కెచ్ పెన్‌తో బోర్డర్ గీసినట్టే ఉంటుంది.

ఇదంతా ప్రెషర్ గుర్తించే పెన్ను ఉంటేనే. ఇక్కడ డబ్బు పోగొట్టుకునే అవకాశం ఎక్కువ. ఆపిల్ పెన్సిల్‌లలో 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ మోడల్‌కి ప్రెషర్ లేదు. నోట్స్‌కి బాగుంటుంది, బొమ్మలకి కొనకండి. మొదటి, రెండో తరం పెన్సిల్స్, పెన్సిల్ ప్రోలో ప్రెషర్ ఉంది, మీ ఐప్యాడ్‌కి ఏది పనిచేస్తుందో చూసుకుని కొనాలి. ఆండ్రాయిడ్‌లో గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ లాంటి వాటికి ఎస్ పెన్ బాక్స్‌లోనే వస్తుంది. 8192 లెవెల్స్, 16384 లెవెల్స్ అన్న అంకెలు చూసి మాత్రం ఎగబడక్కర్లేదు. పెన్ను ఎంత తేలిగ్గా తాకితే గీత మొదలవుతుందో షాపులో గీసి చూడండి, అది ముఖ్యం. మిగతాది యాప్‌లోని ప్రెషర్ కర్వ్‌తో సర్దుకోవచ్చు. ఖర్చు వద్దనుకుంటే క్రిటా ఫ్రీ, ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలోనూ నడుస్తుంది. తక్కువ ర్యామ్ ఉంటే పెద్ద బ్రష్‌కి తడబడుతుంది, కాన్వాస్ చిన్నది పెట్టుకోండి.

మంచి ఆర్టిస్టులు చేసిన బ్రష్‌లకి విలువ లేదని నేననను. కైల్ వెబ్‌స్టర్ బ్రష్‌లని 2017లో అడోబీ కంపెనీయే కొనుక్కుంది, ఊరికే కొనదు కదా. అలాంటివి చేతికొస్తే డూప్లికేట్ చేసి, సెట్టింగులు తెరిచి, ఒక్కో స్లైడర్ జరిపి చూడండి. నేర్చుకోవడానికి అంతకంటే మంచి పుస్తకం లేదు. కానీ గ్రెయిన్ మాత్రం మీది పెట్టుకోండి.

బ్రష్ తయారయ్యాక ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి డ్రైవ్‌లో దాచుకోండి. ప్రోక్రియేట్ యాప్ డిలీట్ అయితే బొమ్మలతోపాటు అవీ పోతాయి. ఐబిస్ పెయింట్‌లో అయితే బ్రష్‌ని క్యూఆర్ కోడ్‌గా సేవ్ చేసుకోవచ్చు, ఫొటో గ్యాలరీలో ఒక బొమ్మలా పడి ఉంటుంది.