కోడ్ తెరిచారు సరే, ఫోన్‌లో ఉన్నది అదేనా?

ఢిల్లీలోని నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ రూపొందించిన ఆరోగ్య సేతు యాప్ 2020 ఏప్రిల్ 2న విడుదలైంది. మే 26న దాని ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌ను అందరికీ తెరుస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. లోపాలు పట్టిచ్చినవారికి లక్ష రూపాయల దాకా బహుమతి కూడా ఇస్తామంది. అప్పటికే 11 కోట్ల మందికి పైగా ఆ యాప్ వేసుకున్నారు. మంచి పనే. కోడ్ తెరవడంతోనే పని అయిపోయిందనుకోవడం మీదే నా అభ్యంతరం.

సోర్స్ కోడ్ మనిషి చదవగలిగే రాత. ఫోన్‌లోకి వచ్చేది మాత్రం కంపైలర్ దాన్నుంచి తయారుచేసిన ఫైలు. ఈ ఫైలు ఆ రాత నుంచే పుట్టిందని ఎలా తేల్చుకోవాలి? మనమే కోడ్ తెచ్చుకుని మళ్లీ బిల్డ్ చేసి, రెండు ఫైళ్లను పోల్చాలి. చిక్కు ఇక్కడే ఉంది. బిల్డ్ చేసిన సమయం, ఫోల్డర్ పేరు, ఫైళ్లు చదివిన వరుస, కంపైలర్ వెర్షన్, వీటిలో ఏ ఒక్కటి మారినా ఫలితం మారిపోవచ్చు. ఒక్క బిట్ తేడా వచ్చినా ఫైలు హ్యాష్ పూర్తిగా వేరవుతుంది. అది మోసమో, గడియారం తేడానో చెప్పలేం.

ఆ తేడాలన్నీ ఏరిపారేసి, ఎవరు ఎక్కడ బిల్డ్ చేసినా ఒకే ఫైలు వచ్చేలా చూడటం సాధ్యమే. డెబియన్ లినక్స్ స్వచ్ఛంద కార్యకర్తలు 2013 నుంచి ఆ పనిలో ఉన్నారు. సిగ్నల్ తన ఆండ్రాయిడ్ యాప్‌కు 2016లోనే ఈ వీలు కల్పించింది. (డెవలపర్ డిజిటల్ సంతకాన్ని మాత్రం పోలిక నుంచి మినహాయించాలి. ఆ తాళం వారి దగ్గరే ఉంటుంది, ఉండాలి కూడా.)

యాప్ తరచూ మారుతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి కోడ్ పెట్టేసి ఊరుకుంటే అది పాత ఫొటోలా మిగిలిపోతుంది. 2005లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్‌లో ప్రతి మార్పూ తనకు ముందున్న మార్పు హ్యాష్‌ను మోస్తుంది. అందుకే గతాన్ని గుట్టుగా దిద్దడం కష్టం. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్ తెరవాలన్న విధానం 2015 నుంచే మనకుంది. దానికి ఒక్క షరతు చేర్చమంటాను: ప్రతి విడుదలతో పాటు దాని మార్పుల చరిత్ర, వాడిన పనిముట్ల వెర్షన్లు, తుది ఫైలు హ్యాష్ ప్రచురించాలి.

ఇంత శ్రమపడి ఎవరు చూస్తారు అంటారా? కోట్లమంది చూడక్కర్లేదు. నోయిడాలోనో గుంటూరులోనో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి చూసినా చాలు. అయితే సర్వర్‌లో ఏ కోడ్ నడుస్తోందో ఈ పద్ధతి చెప్పలేదు. దానికి స్వతంత్ర ఆడిట్ వేరే కావాలి.