తాళంచెవి ఎవరి దగ్గర?

మా అమ్మాయికి గురిపోటీల సరదా పట్టుకుంది. "పిస్తోలు కొనిపెట్టండి నాన్నగారూ!" అంది. మా ఆవిడ హడలిపోయింది.

"10 మీటర్ల దూరాన కాగితాన్ని కొట్టే గాలిపిస్తోలే, గుండు 4.5 మిల్లీమీటర్లే" అన్నాను.

"కన్ను పోవడానికి అది చాలదూ?" అంది. నిజమే!

దుకాణంలో నేను నగిషీ చూస్తూంటే, వెంట వచ్చిన శిక్షకుడు నవ్వాడు.

"2021లో టోక్యోలో మనూ భాకర్ పిస్తోలు పోటీ మధ్యలో మొరాయించింది. బాగుచేసేసరికి నిమిషాలు కరిగిపోయాయి, ఫైనల్ చేజారింది. 2024లో పారిస్‌లో ఆవిడే రెండు కాంస్యాలు తెచ్చిందనుకోండి. అందం కాదండీ, పిడి చేతికి అమరాలి. మీట ప్రతిసారీ ఒకేలా పలకాలి."

అలాంటిదే కొన్నాం. పెట్టె తాళంచెవి మాత్రం మా ఆవిడ కొంగున ఉంటుంది. అంత నమ్మకమైన భాగాన్ని ఏ కంపెనీవారూ చేయలేరు లెండి!