సంపాదకుని మాట: ఇదీ ఉంటే పోయేదేముంది?



యూదా రాజు హిజ్కియా పగలగొట్టించిన పూజా వస్తువుల్లో మోషే చేయించిన ఇత్తడి సర్పం కూడా ఉంది. అది పొరుగు దేశం నుంచి తెచ్చుకున్న విగ్రహం కాదు. అరణ్యంలో పాము కాటు తిన్నవాళ్లు చూసి బతకాలని దేవుడే చేయమన్నాడు. తరాలు గడిచేసరికి ఇశ్రాయేలీయులు దాని ముందు ధూపం వేయసాగారు. యెహోవాను వదిలేశామని వాళ్లు అనుకుని ఉండరు. ఆలయం ఎలాగూ ఉంది, ఇదీ ఉంటే పోయేదేముంది అనుకుని ఉంటారు. మోషే చేతి పని కదా అని హిజ్కియా మాత్రం మొహమాటపడలేదు.

ఆ ‘పోయేదేముంది’ మన ఇళ్లలోనూ వినబడుతూనే ఉంది. ఆదివారం ఆరాధనకు వెళ్లొచ్చి, సోమవారం పెళ్లిచూపులకు రాహుకాలం చూసుకుంటాం. కొత్త బండికి పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్లాక, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ప్రార్థన చేసిన నూనె సీసా తలగడ కింద పెట్టుకుని, ప్రార్థనే మానేసినవాళ్లూ ఉన్నారు. ఈ మాటకు కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. బ్యాంకు నిల్వ మీద, పలుకుబడి ఉన్న బంధువు మీద పెట్టుకునే నమ్మకం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

ఈ సంచికలోని వ్యాసాలకు ముందు, హిజ్కియా సంగతి ఉన్న 2 రాజులు 18వ అధ్యాయం ఇంటిల్లిపాదీ కలిసి చదవండి.