పడుగూ పేకా: బొప్పాయి పాలతో మొదలైన కంపెనీ

ముదురు మటన్ వచ్చిన ఆదివారం మన ఇళ్ళల్లో ఏం చేస్తారో అందరికీ తెలుసు. పచ్చి బొప్పాయి ముక్క ఒకటి నూరి, మాంసానికి పట్టించి, ఓ గంట పక్కన పెడతారు. ఆ తర్వాత పొయ్యి మీద పెడితే ముక్క మెత్తగా ఉడుకుతుంది. ఎందుకలా అని అడిగితే మా అత్తగారైతే "ఎందుకేంటి, ఉడుకుతుంది అంతే" అనేది. కాయ గీస్తే కారే ఆ తెల్లటి పాలలో పపైన్ అనే పదార్థం ఉంది. అది మాంసంలోని ప్రోటీన్‌ని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఇలా పనిచేసేవాటిని ఎంజైములంటారు. మన ఉమ్మిలో కూడా ఒకటుంది. అన్నం ముద్ద మింగెయ్యకుండా కాసేపు నమిలి చూడండి, తియ్యగా అవుతుంది. గంజి చక్కెరగా మారుతోందన్నమాట.

మిల్లు వాళ్ళకి ఎంజైము పేరు తెలియకపోవచ్చు గానీ దాని పని తెలుసు. సాంచా మీద పడుగు తెగకుండా ఉండాలని సైజింగ్‌లో దారానికి గంజి పట్టిస్తారు కదా. బట్ట నేశాక ఆ గంజి అంతా పోవాలి, లేకపోతే రంగు ఎక్కదు, మచ్చలు మచ్చలుగా పడుతుంది. వెనకటికి ఆ గంజి తీయడానికి బట్టని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి పులియనిచ్చేవాళ్ళు, లేదా పల్చటి ఆసిడ్ వాడేవాళ్ళు. ఆసిడ్ కాస్త ఎక్కువైతే గంజితోపాటు నూలు కూడా దెబ్బ తింటుంది. ప్రాసెస్ ఖాతాలో పనిచేసిన మన పెద్దవాళ్ళ చేతులు చూస్తే తెలుస్తుంది ఆ రోజులేంటో. ఇప్పుడు అమైలేజ్ అనే ఎంజైము వేస్తారు. అది గంజిని తింటుంది, నూలుని ముట్టుకోదు. మన ఉమ్మిలో ఉన్నది కూడా దాని చుట్టమే.

ఈ నెల చెప్పబోయేది ఈ ఎంజైములు అమ్ముతూ మొదలుపెట్టి, మందుల కంపెనీ దాకా వెళ్ళిన ఒక ఆవిడ గురించి. కిరణ్ మజుందార్ షా. బెంగళూరు మన వాళ్ళకి ఈ పేరు కొత్త కాదు, హొసూరు రోడ్డు మీద వాళ్ళ బయోకాన్ కంపెనీ బోర్డు చూసే ఉంటారు. మిగతా ఊళ్ళ వాళ్ళ కోసం కాస్త మొదట్నించీ చెప్తాను.

ఆమె 1953లో బెంగళూరులో పుట్టింది. గుజరాతీ కుటుంబం. తండ్రి యునైటెడ్ బ్రూవరీస్‌లో పెద్ద బ్రూమాస్టర్, అంటే బీరు తయారీ అంతా ఆయన చేతి మీదుగా నడిచేది. ఈమె డాక్టరీ చదవాలనుకుంది, కుదరలేదు. బెంగళూరులోనే జువాలజీతో డిగ్రీ చేసింది. బీరు తయారీ చదవమని చెప్పింది తండ్రే.

బీరు అనగానే కొందరు మొహం తిప్పుకుంటారని తెలుసు. మిల్లు గేటు బయట సారా దుకాణాలు ఎన్ని జీతాలు మింగాయో చూసినవాళ్ళం, ఆ కోపం న్యాయమే. కానీ తాగడం వేరు, ఆ తయారీ వెనకున్న చదువు వేరు. బార్లీ గింజని నానబెట్టి మొలకెత్తిస్తే అందులో ఎంజైములు పుడతాయి, అవి గింజలోని పిండిని చక్కెర చేస్తాయి, ఆ చక్కెరని ఈస్ట్ తింటుంది. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి పొద్దున్నకి పొంగడం కూడా కంటికి కనపడని జీవుల పనే. పెద్ద ట్యాంకుల్లో ఆ జీవుల్ని పెంచి, వేడి ఎంతుండాలి, గాలి ఎంత పోవాలి, పులుపు ఎంతుండాలి అని కొలిచి పని చేయించుకునే విద్య అది. బీరైనా ఇన్సులిన్ అయినా మూలం అక్కడే ఉంది.

ఆస్ట్రేలియాలో బల్లారట్ అనే ఊళ్ళో ఆ చదువు చదివింది. క్లాసులో ఆడపిల్ల ఆమె ఒక్కతే. క్లాసు ఫస్టు వచ్చింది. 1975లో బ్రూమాస్టర్ సర్టిఫికెట్‌తో దేశానికి తిరిగొచ్చింది. కలకత్తా, బరోడాల్లో కొన్నాళ్ళు పనిచేసింది గానీ, అసలు చదివిన బ్రూమాస్టర్ ఉద్యోగం అడిగితే ఎక్కడా ఇవ్వలేదు. అది మగవాళ్ళ పని అన్నారు. కారణం అంతే. తండ్రికి అదే రంగంలో అంత పేరున్నా కూతురికి పని దొరకలేదంటే, ఏ ఆసరా లేని పిల్ల సంగతేంటో మీరే ఆలోచించండి.

స్కాట్లాండులో ఉద్యోగం వస్తే వెళ్ళిపోదామనుకుంటుండగా, ఐర్లాండు నుంచి ఒక వ్యాపారి కలిశాడు. లెస్లీ ఆకిన్‌క్లాస్. ఆయనది కార్క్ అనే ఊళ్ళో బయోకాన్ బయోకెమికల్స్ అనే ఎంజైముల కంపెనీ. ఇండియాలో ఒక భాగస్వామి కోసం వెతుకుతున్నాడు. ఈమె అక్కడికెళ్ళి కొన్నాళ్ళు పని నేర్చుకుని, 1978లో బెంగళూరులో అద్దె ఇంటి కారు షెడ్డులో కంపెనీ పెట్టింది. వయసు 25. చేతిలో 10,000 రూపాయలు. విదేశీ వాటా మీద అప్పట్లో హద్దు ఉండేది, అందుకని 70 శాతం ఇక్కడిది, 30 శాతం ఐర్లాండుది.

మొదట తయారుచేసినవి రెండే సరుకులు. ఒకటి ఇందాక చెప్పుకున్న బొప్పాయి పాల పపైన్. రెండోది ఐసింగ్లాస్, చేప కడుపులో ఉండే గాలి తిత్తి నుంచి తీసేది. రెండూ బీరు మడ్డి లేకుండా తేటగా ఉండటానికి వాడేవే. బొప్పాయికీ చేపకీ మన దేశంలో కరువేముంది? ఏడాదిలోపే అమెరికాకీ యూరపుకీ ఎంజైములు ఎగుమతి చేసింది. మన దేశం నుంచి అలా పంపిన మొదటి కంపెనీ అదే.

అంతకు ముందు పడ్డ పాట్లు వేరే. బ్యాంకులు అప్పివ్వలేదు. ఎంజైము అంటే ఏంటో వాళ్ళకి తెలియదు, పైగా అడిగేది పెళ్ళికాని పాతికేళ్ళ అమ్మాయి. తర్వాత ఒక బ్యాంకు అధికారి ఏదో వేడుకలో పరిచయమై, నమ్మి అప్పిచ్చాడు. ఆడమనిషి కింద పని చేయడానికి మగవాళ్ళు కూడా ముందుకు రాలేదు. మొదట చేరింది ఒక రిటైరైన గ్యారేజీ మెకానిక్. నాకు ఈ కథలో అందరికంటే నచ్చిన మనిషి ఆయనే. పేరు ఎక్కడా పెద్దగా కనపడదు. మెషీన్ పట్టుకు పని చేసిన చేతులకి ఎదురుగా ఉన్నది ఆడో మగో అక్కర్లేదు, పని తెలిసిన మనిషా కాదా అన్నదే చూస్తాయి.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. "పదివేలతో మొదలుపెట్టి కోట్లు సంపాదించింది, మీరూ చేయండి" అని స్కూలు ఫంక్షన్లలో ఉపన్యాసాలు ఇస్తుంటారు. అలా చెప్పడం నాకు నచ్చదు. ఆమె వెనక ఇంగ్లీషు చదువుంది, ఆస్ట్రేలియా పంపగలిగిన తండ్రి ఉన్నాడు, ఓడిపోతే తిరిగొచ్చి కూర్చోడానికి ఇల్లుంది. బీడీలు చుట్టి కూతురి ఫీజు కట్టే సోలాపూర్ తల్లికి ఇవేవీ లేవు. పదివేల లెక్క చెప్పి ఆ తల్లిని చిన్నబుచ్చొద్దు. కానీ అంత ఉన్న మనిషికి కూడా "ఇది ఆడవాళ్ళ పని కాదు" అన్న తలుపు ఎదురైంది చూడండి, ఆ తలుపు మాత్రం మనందరికీ ఒకటే.

1933లో అదే బెంగళూరులో ఇంకో తలుపు. బొంబాయి నుంచి కమలా భాగవత్ అనే అమ్మాయి డిగ్రీలో ఫస్టు వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి దరఖాస్తు పెడితే, అప్పటి డైరెక్టర్ సి.వి. రామన్ ఆడపిల్ల అని చేర్చుకోనన్నారు. ఈమె కదలనని పట్టుబట్టింది. చివరికి ఏడాదిపాటు పరీక్షగా చూస్తామన్న షరతు మీద చేర్చుకున్నారు. ఆ ఏడాది ఆమె పని చూశాక ఆయన మనసు మార్చుకున్నారు. తర్వాత ఆమె కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసింది, పెళ్ళయ్యాక కమలా సోహొనీ అయ్యింది, నీరాలో పోషకాల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసింది. అంత పెద్ద శాస్త్రవేత్త కూడా ఆ ఒక్క విషయంలో అలా ఆలోచించాడంటే మన మేనమామల్ని ఏమనగలం?

మేనమామ మాట ఊరికే రాలేదు. పోయిన నెల ఒక తల్లి రాసిన ఉత్తరం నా దగ్గరుంది. కూతురు మైక్రోబయాలజీతో బి.ఎస్సీ. పాసయింది. దూరపు ఊళ్ళో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఫర్మెంటేషన్ ఖాతాలో, షిఫ్టుల పని. మేనమామ ఒప్పుకోవట్లేదు. "నైట్ షిఫ్టు చేసిన పిల్లకి సంబంధం ఎవరు తెస్తారు? బ్యాంకు పరీక్షలు రాయమను" అంటున్నాడట. "అక్కా, ఏం చేయమంటారు" అని అడిగింది.

చెల్లీ, నైట్ షిఫ్టు మన ఇళ్ళకి కొత్తా? మీ నాన్న, మీ మామ, మీ ఆయన, ముగ్గురూ థర్డ్ షిఫ్టు చేసే కదా ఇల్లు నడిపారు. ఆడవాళ్ళకి మాత్రం 1948 ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 నుంచి పొద్దున 6 దాకా పని లేకుండా చేసింది. రక్షణ కోసమే పెట్టారు, అప్పట్లో అది అవసరమే. కానీ ఆ వంకతోనే మిల్లుల్లో ఆడవాళ్ళని రీలింగ్‌కీ వైండింగ్‌కీ కట్టేశారు, మూడు షిఫ్టులు నడిచే ఖాతాల్లో, ఎక్కువ జీతం వచ్చే చోట్ల, రానివ్వలేదు. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ నిబంధనని సడలించాయి. ఇంటి దాకా బండి ఉండాలి, రక్షణ ఉండాలి, ఆమె ఒప్పుకోవాలి అనే షరతులతో.

ఫర్మెంటేషన్ ఖాతాలో షిఫ్టులు ఎందుకంటే, ట్యాంకులో ఈస్ట్‌కి రాత్రీ పగలూ తెలియదు. ఇన్సులిన్ సంగతి చూడండి. మన బస్తీలో చక్కెర జబ్బు లేని ఇల్లు ఏది? ఒకప్పుడు ఆ మందుని చంపిన పశువుల, పందుల గ్రంథుల నుంచి తీసేవారు. తర్వాత మనిషి ఇన్సులిన్ తాలూకు జన్యువుని సూక్ష్మజీవిలో పెట్టి, దానిచేతే తయారు చేయించడం వచ్చింది. బయోకాన్ పికియా అనే ఈస్ట్‌తో చేసిన ఇన్సులిన్‌ని 2004లో మార్కెట్లోకి తెచ్చింది. బీరు పులియబెట్టిన విద్యే, ఇంకా జాగ్రత్తగా. ట్యాంకులో కాస్త వేడి పెరిగినా, బయటి క్రిమి ఒక్కటి దూరినా బ్యాచ్ మొత్తం పోతుంది. కూర్చుని కాపలా కాసే మనిషి కావాలి, కొలతలు రాసే మనిషి కావాలి. ఆ మనిషే మీ అమ్మాయి. బ్యాంకు కౌంటర్ కంటే ఈ పని తక్కువదని నేననుకోను. 2019లో బయోకాన్, పేద దేశాలకి రోజుకి 10 సెంట్లలోపే ఇన్సులిన్ ఇస్తామని ప్రకటించింది. మందు చవకవ్వడం మనకెంత అవసరమో మెడికల్ షాపు చీటీ చూసిన ప్రతివాళ్ళకీ తెలుసు.

అదే 2004లో బయోకాన్ షేర్లు మార్కెట్‌కి వచ్చాయి, మొదటి రోజే కంపెనీ విలువ 100 కోట్ల డాలర్లు దాటింది. ఎంజైముల వ్యాపారాన్ని 2007లో నోవోజైమ్స్ అనే డెన్మార్క్ కంపెనీకి అమ్మేసి, పూర్తిగా మందుల మీదికి వెళ్ళారు. దీనికి ముందు, 1998లో, విదేశీ వాటా కొనడానికి డబ్బు సమకూర్చినది ఆమె పెళ్ళాడిన జాన్ షా. ఆయన ఎవరో తెలుసా? మదురా కోట్స్ చైర్మన్‌గా చేసినాయన. మధురై, తూత్తుకుడి వైపు మన వాళ్ళు ఆ మిల్లుల దారం ఎంత తీశారో! 2022లో పోయారు.

మన తెలుగు వాళ్ళలోనూ ఉన్నారు. హైదరాబాద్‌లో 1953లో పుట్టిన బయోలాజికల్ ఇ కంపెనీని నడిపేది మహిమా దాట్ల. 2022 మార్చిలో 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి స్కూళ్ళల్లో వేసిన కరోనా టీకా కార్బెవాక్స్ వాళ్ళదే. భారత్ బయోటెక్ పెట్టినవాళ్ళలో సుచిత్రా ఎల్లా ఒకరు. ఒకరిది కుటుంబ కంపెనీ, ఇంకొకరు భర్తతో కలిసి పెట్టారు. కారు షెడ్డు కథలు కావు గానీ, పని పనే.

ఇక ఆ ఉద్యోగం సంగతి. మేనమామతో సంబంధాల మాట వాదించకండి, దానికి అంతుండదు. కంపెనీకి ఫోన్ చేసి అడగాల్సినవి అడగండి. అపాయింట్‌మెంట్ లెటర్ కంపెనీ పేరు మీద ఇస్తారా, కాంట్రాక్టర్ పేరు మీదా? ఇది మొట్టమొదట అడగాలి. కాంట్రాక్టర్ పేరైతే అది మన పాత బద్లీ కార్డులాంటిదే, పని ఉన్న రోజు ఉన్నట్టు, లేని రోజు లేనట్టు. పదేళ్ళు బద్లీగా తిరిగిన తండ్రికి ఈ తేడా ఎవరూ వివరించక్కర్లేదు, ఆయన్నే మాట్లాడమనండి. పీఎఫ్, ఈఎస్ఐ మొదటి నెల నుంచే కడతారా? ట్రైనింగ్ ఎన్నాళ్ళు, ఆ తర్వాత జీతం ఎంతని కాగితం మీద రాస్తారా? రాత్రి షిఫ్టుకి బండి హాస్టల్ గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దింపేస్తుందా? ఆ షిఫ్టులో ఇంకెంతమంది ఆడవాళ్ళుంటారు? ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు, చూపించి జిరాక్సులు ఇచ్చి రండి.

చేరే రోజు అమ్మాయి ఒక్కతే వెళ్ళకుండా ఇంట్లోంచి ఒకరు తోడు వెళ్ళండి. గేటు, హాస్టల్, బండి మూడూ కళ్ళతో చూసి రండి. మేనమామనే పంపిస్తే ఇంకా మంచిది. జవాబులు ఏమొచ్చాయో నాకు రాయండి, ఇలాంటి ఉత్తరాలు ఇంకా రెండు ఉన్నాయి, వాళ్ళకీ పనికొస్తాయి.